కోట గారి నాటకం ఎక్కడ చూడాలి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల సాంస్కృతిక శాఖల అధికారులకు, రెండు రాష్ట్రాల్లో నాటక పోటీలు జరిపే పరిషత్తుల నిర్వాహకులకు నమస్కారం.

కోట శ్రీనివాసరావు గారు 2025 జూలై 13న కన్నుమూశారు. అంతకు మూడు రోజుల ముందే ఆయనకు 83 ఏళ్లు నిండాయి. ఆ రోజంతా ఏ చానల్ పెట్టినా ఆయన సినిమాల్లోని ముక్కలే. 'అహ నా పెళ్లంట'లో వేలాడే కోడి, 'మామగారు'లో బాబూమోహన్‌తో కలిసి చేసిన అల్లరి, 'గణేష్'లో ఒళ్లు జలదరించే ఆ మంత్రి. చూస్తుంటే నవ్వొచ్చింది, దుఃఖమూ వచ్చింది. అయితే నాటక సమాజాల మధ్య పెరిగినవాణ్ణి కనుక నా కళ్లు ఇంకొకటి వెతుక్కున్నాయి. సినిమాల్లో స్థిరపడకముందు ఏళ్ల తరబడి స్టేజీ మీద నిలబడిన కోట గారిని ఒక్క నిమిషమైనా చూపిస్తారేమోనని ఎదురుచూశాను. నేను చూసిన ఏ చానలూ చూపించలేదు. తర్వాత నాకు తెలిసిన పాత సమాజాల వాళ్లను అడిగాను. జ్ఞాపకాలు చెప్పారు గానీ, కదిలే బొమ్మ ఎవరి దగ్గరా లేదు.

మీకు ఈ లేఖ రాయడానికి కారణం అదే. ఇప్పటికీ మన మధ్య ఉన్న రంగస్థల నటీనటులు చేసిన పాత్రలను, ఆ పాత్రలు చేసిన పద్ధతిని, వాళ్లు ఉండగానే వీడియో తీయించి ఎవరైనా చూసేలా దాచిపెట్టండి. నేను అడిగేది ఇంతే. విగ్రహం కాదు, బిరుదు కాదు, వాళ్ల పేరు మీద ఇంకో అవార్డు కూడా కాదు.

కోట గారి జీవితాన్నే తీసుకుని చెబుతాను. కృష్ణా జిల్లా కంకిపాడులో 1942 జూలై 10న పుట్టారు. తండ్రి వైద్యుడు. కోట గారు స్టేట్ బ్యాంకులో చేరారు. చిన్నప్పటి నుంచీ నాటకాల పిచ్చి. ఆ తరం నాటకాన్ని మోసింది చాలావరకు ఉద్యోగులే. బ్యాంకులు, రైల్వే, కరెంటాఫీసు, టెలిఫోన్స్, పంతుళ్లు. ఆఫీసు వదలగానే ఏ స్కూలు గదిలోనో, ఎవరి డాబా మీదో రిహార్సల్స్. పోటీ ఉంటే సెలవు పెట్టుకుని, సెట్టు సామాను బస్సు మీద వేసుకుని వెళ్లడం. ఇంట్లో జీతం డబ్బుల లెక్క తప్పేది ఈ ఖర్చుల దగ్గరే. కోట గారి సోదరుడు శంకరరావు గారు కూడా నటులే. అంటే ఒక ఇంట్లో ఇద్దరు.

సి.ఎస్. రావు రాసిన 'ప్రాణం ఖరీదు' నాటకం నిర్మాత క్రాంతికుమార్‌కు నచ్చింది. దాన్ని సినిమాగా తీస్తూ నాటకంలో వేసినవాళ్లకు కూడా అవకాశం ఇచ్చారు. వాళ్లలో కోట గారొకరు. 1978 సెప్టెంబరు 22న సినిమా విడుదలైంది. చిరంజీవి నటించిన సినిమాల్లో మొదట జనం ముందుకొచ్చింది కూడా అదే కాబట్టి దాని పేరు అందరికీ గుర్తుంది. కానీ ఒక నిర్మాతను కదిలించి, జేబులోంచి డబ్బు తీయించిన ఆ నాటకం ఎలా ఉండేది? స్టేజీ మీద ఆ పాత్రలు ఎలా మాట్లాడాయి? సినిమాకు వచ్చేసరికి ఏవి తగ్గాయి, ఏవి పెరిగాయి? నటన నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఉంటుందా? సినిమా ఉంది, నాటకం లేదు. పాఠం సగంలో ఆగిపోయింది.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. 1985లో 'ప్రతిఘటన' కాశయ్య. కృష్ణా జిల్లా మనిషి తెలంగాణ మాటను అంత సహజంగా పలకడం అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరిచింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ చుట్టూ జనం మాట్లాడే మాటను చెవిన వేసుకోవడం, దాన్ని వేషానికి వాడుకోవడం నాటకాల వాళ్లకు అలవాటే. 1987లో 'అహ నా పెళ్లంట'తో ఇంటింటికీ తెలిశారు. 750కి పైగా సినిమాలు, తొమ్మిది నందులు, 2015లో పద్మశ్రీ. మధ్యలో 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పు ఎమ్మెల్యే. 2010లో కొడుకు రోడ్డు ప్రమాదంలో పోతే ఆ దుఃఖాన్ని దిగమింగుకుని మళ్లీ మేకప్ వేసుకున్నారు. తెలుగు పాత్రలకు తెలుగు నటులనే తీసుకోవాలని చివరిదాకా గట్టిగా వాదించారు. ఆ మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఈ నేల నాటకాల్లోంచి వచ్చిన మనిషి బాధ అది అని నాకు అనిపించేది.

ఆ కోడి సీను దగ్గర కాస్త ఆగుతాను. జంధ్యాల గారి సినిమాలో పిసినారి లక్ష్మీపతి కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ ఉత్త అన్నం తింటాడు. కోడికూర తిన్నంత తృప్తి. పక్కన బ్రహ్మానందం నిలబడి ఏడవలేక చూస్తుంటాడు. మనం పగలబడి నవ్వుతాం. ఈసారి నవ్వు పక్కన పెట్టి ఆయన చేతిని, నోటిని చూడండి. కంచంలో కూర లేదు. ఆయన ముఖంలో ఉంది. కళ్లు పైకి వెళ్లి కోడిని తాకి కిందికి వచ్చేసరికి నోట్లో రుచి మారిపోతుంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం స్టేజీ నటుడి దినచర్య. నాటికలో నిజమైన ఏరు ఉండదు, రైలు ఉండదు, చాలాసార్లు తలుపు కూడా ఉండదు. నటుడు గడియ తీసినట్టు చెయ్యి కదిపితే చివరి వరసలో వాడికి ఆ తలుపు కిర్రుమనడం వినిపించాలి. కోట గారు ఆ విద్యను కెమెరాకు సరిపడా కొలతకు తగ్గించి వాడారు. ఎంత తగ్గించారో తెలియాలంటే అసలు కొలత కూడా మన దగ్గర ఉండాలి కదా.

ఈ నష్టం కొత్తదేమీ కాదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే దానికి ఆధారం. హెచ్.ఎం. రెడ్డి గారు సురభి నాటక కళాకారులనే తెచ్చి కెమెరా ముందు నిలబెట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ సంస్థ అప్పటికే దాదాపు యాభై ఏళ్ల అనుభవం ఉన్నది. తెలుగు సినిమా పుట్టిన రోజునే నాటకం దానికి నటులను, కథను, మాటను చేతిలో పెట్టింది. ఆ అప్పును నాటకం ఎప్పుడూ అడగలేదు. సినిమా తనంతట తాను తీర్చిందీ తక్కువే.

బళ్లారి రాఘవ గారి విషయం తలచుకుంటే ఇంకా బాధ కలుగుతుంది. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో వకీలుగా పేరు తెచ్చుకుని, నాటకం కోసం బతికిన మనిషి. షేక్‌స్పియర్ నాటకాల్లోని షైలాక్, ఒథెల్లో దగ్గర నుంచి మన పౌరాణిక పాత్రల దాకా వేశారు. పద్యం రాగం తీస్తూ ఊరంతా వన్స్ మోర్ కొట్టించుకునే కాలంలో మాటకు, భావానికి పెద్దపీట వేశారు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను స్టేజీ ఎక్కించారు. యాభై దాటాక 'ద్రౌపదీ మానసంరక్షణం', 'రైతుబిడ్డ', 'చండిక' సినిమాల్లో చేశారు. 1946 ఏప్రిల్ 16న పోయారు. ఆయన నటన ఎలా ఉండేదంటే ఇవాళ మనం చెప్పగలిగేది చూసినవాళ్లు రాసిన నాలుగు వాక్యాలే. వాళ్లు గొప్పగా ఉండేదని రాశారు. గొప్పగా అంటే ఎలా? గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ ఆగింది? ఆ కాలంలో తీసి దాచే వీలు లేదు, అందుకని ఎవరినీ తప్పుపట్టలేం. మనకు ఆ వీలు ఉంది.

రాఘవ గారు ఆడవేషాల విషయంలో అంత పట్టుదలగా ఉన్న రోజుల్లోనే, బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు ఆడవేషంలో ఆంధ్రదేశాన్ని ఊపేస్తున్నారు. తెనాలి రామవిలాస సభలో ఆయన సత్యభామ, రోషనార, చింతామణి, మధురవాణి. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరిలో ఎవరి దారి సరైనదని అడిగితే నేను రాఘవ గారి వైపే ఉంటాను. కానీ స్థానం వారి సత్యభామను చూడలేకపోయానన్న దిగులు మాత్రం పోదు. ఆయనే రాసుకుని పాడిన 'మీరజాలగలడా' 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో సుశీల గారి గొంతుతో, జమున గారి నటనతో తెలుగువాళ్లందరికీ దక్కింది. పాట దక్కింది. ఆయన జడ విసిరిన తీరు, చూపు తిప్పిన తీరు దక్కలేదు. తన అనుభవాలను ఆయన రాసిపెట్టారు కాబట్టి ఆ మాత్రమైనా తెలుసు. రాసే అలవాటు లేని నటులు ఎంతమంది ఉన్నారో, వాళ్లతో పాటు ఏమేమి పోయాయో ఊహించుకోండి.

ఎస్వీ రంగారావు గారు సినిమా వాళ్లకే సొంతమన్నట్టు మాట్లాడుకుంటాం. 1918 జూలై 3న నూజివీడులో పుట్టిన ఆయనకు నటన అబ్బింది కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో. అంజలీదేవి, ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్ నుంచి వచ్చినవాళ్లే. ఫైర్ సర్వీసులో ఉద్యోగం చేశారు. 1947లో 'వరూధిని' ఆడకపోతే సినిమా మాట మరచి జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో చేరారు. మళ్లీ పిలుపు వచ్చి 1950లో 'షావుకారు'లో సున్నం రంగడు అయ్యారు. మరుసటి ఏడు 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు. అక్కడి నుంచి 1974 జూలై 18న పోయేదాకా వెనక్కి చూసుకోలేదు. 'నర్తనశాల' కీచకుడికి జకార్తా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

'మాయాబజార్'లో ఒక ముచ్చట ఉంది. రంగారావు గారు వేసిన ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారినప్పుడు ఆ పాత్ర చేసింది సావిత్రి గారు. ఆడపిల్ల వేషంలో ఉన్న రాక్షసుడు అప్పుడప్పుడు బయటపడిపోతుంటాడు. భుజాలు ఎగరేస్తుంది, అడుగు బరువుగా పడుతుంది, గడ్డం ముందుకు వస్తుంది. మనకు వెంటనే రంగారావు గారు కనిపిస్తారు. ఒకరి నడకను ఇంకొకరు అంత స్పష్టంగా పట్టుకోగలిగారంటే, ఆ నడక మొదట అంత స్పష్టంగా కట్టినది అయి ఉండాలి. స్టేజీ నేర్పేది అదే. దూరంగా కూర్చున్నవాడికి ముఖం కనిపించదు. మనిషి ఎవరో నడకలోనే తెలియాలి. సావిత్రి గారు కూడా విజయవాడలో నాటకాలు వేస్తూ వచ్చినవారు కనుక ఆ భాష ఆమెకు తెలుసు. కాకినాడలో ఆ నడకకు ఓనమాలు దిద్దిన నాటకాల తాలూకు చిన్న తునకైనా మనకు దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక జయప్రకాశ్ రెడ్డి గారు. కర్నూలు జిల్లా మనిషి, లెక్కల మాస్టారు. 'ప్రేమించుకుందాం రా', 'సమరసింహారెడ్డి'తో సీమ మాటను తెర మీద గర్జించేలా చేశారు. సినిమాల్లో తీరిక లేనంత పేరు వచ్చాక కూడా స్టేజీని వదల్లేదు. 'అలెగ్జాండర్' అనే నాటకంలో మొదటి నుంచి చివరి దాకా ఆయన ఒక్కరే. పక్కన ఇంకో నటుడు లేడు, మాట అందించేవాడు లేడు. గుంటూరులో 2020 సెప్టెంబరు 8న గుండెపోటుతో పోయారు. సినిమా వేషాలు కడుపు నింపుతున్నా నాటకం కోసం మళ్లీ డైలాగులు కంఠతా పట్టే మనుషులు ఇలా ఉంటారు. వాళ్లకు ప్రభుత్వం నుంచి అందాల్సింది పోయిన తర్వాత సంతాప సందేశం ఒక్కటే కాదు.

అసలు ఏం దాచాలి అన్న దగ్గర స్పష్టత ఉండాలి. లేకపోతే ఈ పని కూడా శాలువా కప్పి, 'మీ బాల్యం గురించి చెప్పండి' అని అడిగే ఇంటర్వ్యూగా మిగిలిపోతుంది. అలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి. వాటిలో అవార్డుల సంగతి ఉంటుంది, హీరోలతో పరిచయాల సంగతి ఉంటుంది. పని సంగతి ఉండదు.

పని అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. పరిషత్తు స్టేజీ మీద పైనుంచి మైకులు వేలాడదీస్తారు. నటుడు ఎక్కడపడితే అక్కడ మాట్లాడితే చివరి వరసకు వినపడదు. అందుకని ముఖ్యమైన మాట వచ్చేసరికి మైకు కిందికి చేరాలి. అలా చేరడం ప్రేక్షకుడికి తెలియకూడదు. ఒకాయన కండువా దులుపుకుంటూ రెండడుగులు వేసేవాడు. ఇంకొకాయన కోపంతో పక్కకు తిరిగినట్టు తిరిగి సరిగ్గా మైకు కింద ఆగేవాడు. కింద పడ్డ చెంబు తీయడానికి వంగి, లేచేసరికి అక్కడ ఉండే ఆవిడ ఒకరు నాకు తెలుసు. ఆ చెంబు రచయిత రాసింది కాదు, దర్శకుడు చెప్పింది కాదు. ఆమె రిహార్సల్స్‌లో తానే కనిపెట్టుకున్నది. నాటకం చూసినవాళ్లకు ఆ చెంబు పడినప్పుడు గుండె జల్లుమన్నది గుర్తుంటుంది, అది ఎందుకు పడిందో తెలియదు. ఆమెను కూర్చోబెట్టి, ఆ సీను మళ్లీ చేయించి, ఇదెందుకు చేశావమ్మా అని అడిగితే ఒక్క గంటలో ఎంత విద్య బయటికి వస్తుందో! అలాంటి వాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటి ఉన్నారు. మాట ఇంకా స్పష్టంగా ఉంది. మోకాళ్లే సహకరించడం లేదు.

పద్యనాటకం వాళ్ల సంగతి ఇంకా తొందరగా చూడాలి. వాళ్ల పద్యాలు కొన్ని గ్రామఫోను ప్లేట్లలోకి, క్యాసెట్లలోకి ఎక్కాయి. ఆకాశవాణి చాలా నాటకాలను శబ్దంగా కాపాడింది. అందుకు చేతులెత్తి మొక్కాలి. కానీ గొంతు మిగిలితే సరిపోదు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకునేముందు చేసే ఆ చిరునవ్వు, హార్మోనిస్టు శ్రుతి అందించే క్షణంలో ఇద్దరి మధ్యా నడిచే కళ్ల సైగ, జనం వన్స్ మోర్ అన్నప్పుడు రెండోసారి అదే పద్యాన్ని వేరే రాగపు మెరుపుతో ముగించడం చూస్తేనే తెలుస్తాయి. ఆ హార్మోనిస్టులను కూడా మరచిపోకండి. ఒక్కొక్కరు వందల పద్యాలు, ఎవరి శ్రుతి ఏదో సహా నాలుక మీద ఉంచుకున్నవాళ్లు.

నటుల ఇళ్లలో ఉన్న సామాను ఇంకో సంగతి. మా సమాజంలో పెద్ద నటుడొకరు పోయాక, నెల మాసికం అయిన తర్వాత వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఇనప్పెట్టెలో స్క్రిప్టులు ఉండేవి. ప్రతి డైలాగు పక్కన ఎర్ర పెన్సిలుతో గీతలు. ఒక గీత అంటే ఆగాలి, రెండు గీతలంటే ఊపిరి తీసుకోవాలి, చుట్టిన మాట అంటే అక్కడ జనం నవ్వుతారు, నవ్వు తగ్గేదాకా తర్వాతి మాట అనకూడదు. ఏ ఊళ్లో ఆడినప్పుడు ఎక్కడ నవ్వారో కూడా పక్కన చిన్నగా రాసుకునేవాడు. పెట్టె గురించి అడిగితే, ఇల్లు సర్దేటప్పుడు పాత పేపర్లతో కలిపి వేసేశామన్నారు. వాళ్ల తప్పేం లేదు. ఇరుకు ఇల్లు, ఆ కాగితాల విలువ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇవి మాకు ఇవ్వండి, భద్రంగా ఉంచుతాం అని అడిగే చోటు ఒక్కటీ లేనప్పుడు వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

పరిషత్తుల పెద్దలకు ఒక మాట. మీరు లేకపోతే తెలుగు నాటకం ఈపాటికి స్కూలు వార్షికోత్సవాలకే పరిమితమయ్యేది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైన దగ్గర నుంచి, చందాలు అడుక్కుని, సొంత డబ్బు పెట్టి, నటులకు భోజనాలు వండిపెట్టి మీరు చేసిన సేవ నాకు తెలుసు. ఇప్పుడు చాలా పరిషత్తులు ప్రదర్శనలను వీడియో కూడా తీస్తున్నాయి. సంతోషం. కానీ హాలు వెనక స్టాండు మీద ఒకే కెమెరా, హాల్లో గోలంతా కలిసిన శబ్దం. నటుల ముఖాలు తెల్లటి మచ్చల్లా ఉంటాయి. వీడియో కింద నాటిక పేరు, సమాజం పేరు ఉంటే ఎక్కువ. ఎవరు ఏ పాత్ర వేశారో ఉండదు. సంగీతం ఎవరిదో, లైటింగ్ ఎవరిదో అసలే ఉండదు. పోటీకి ఎంట్రీ పంపేటప్పుడు ఈ వివరాలన్నీ ఫారంలో నింపించుకుంటారు కదా, వాటినే వీడియో కింద పెట్టండి. మైకుల నుంచి వచ్చే శబ్దాన్ని నేరుగా కెమెరాకు కలపండి. ముందు వరసలో రెండో కెమెరా పెట్టి ముఖాలు తీయండి. ఫలితాలు చెప్పిన మర్నాడు ఆ ఊరు వదిలి వెళ్లేలోపు ఉత్తమ నటుడిని, నటిని ఒక్క గంట కూర్చోబెట్టి వాళ్ల పాత్ర గురించే మాట్లాడించండి.

అధికారులకు చెప్పేది ఇంకొంచెం పెద్దది. పేద కళాకారులకు పింఛను ఇస్తున్నారు, నంది నాటకోత్సవాలు జరిపారు, రవీంద్రభారతి లాంటి వేదికలు ఉన్నాయి. వీటి విలువ తక్కువ చేయను. పింఛను మరింత పెంచాలి, నెలనెలా ఆగకుండా ఇవ్వాలి, అది వేరే పోరాటం. నేను అడుగుతున్న పనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త కార్పొరేషన్ అక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖలు ఉన్నాయి. అక్కడ చదువుకునే పిల్లలకు ఇది చదువులో భాగం చేయండి. ఒక్కో విద్యార్థి ఒక్కో పెద్ద నటుడి దగ్గరికి వెళ్లి, ఒక పాత్రను నేర్చుకుని, నేర్చుకోవడాన్ని కూడా వీడియో తీసి తేవాలి. గురువు చేస్తాడు, పిల్లవాడు చేస్తాడు, గురువు దిద్దుతాడు. ఆ దిద్దడంలోనే అసలు విద్య ఉంటుంది. ప్రయాణ ఖర్చులు, కెమెరా, ఆ పెద్ద నటుడికి గౌరవంగా ఒక పారితోషికం ఇవ్వండి. ఉచితంగా మాట్లాడించుకోకండి. జీవితమంతా ఉచితంగా పని చేసినవాళ్లు వాళ్లు.

హక్కుల చిక్కు వస్తుందని ఎవరో ఒకరు ఫైలు మీద రాస్తారు. వస్తుంది, నిజమే. నాటకం రచయితది. పోటీకి వచ్చే సమాజాలు రచయిత అనుమతి పత్రం ఎలాగూ తెస్తాయి. ఆ పత్రంలో, ఈ ప్రదర్శనను భద్రపరచి చదువు కోసం చూపించుకోవచ్చు అని ఒక వాక్యం కలపండి. నటుల దగ్గర కూడా అలాంటి సంతకమే తీసుకోండి. ఒప్పుకోని రచయిత ఉంటే ఆయన నాటకాన్ని వదిలేయండి. నాకు తెలిసిన రచయితల్లో తన మాట నిలిచి ఉంటుందంటే వద్దనేవాళ్లు అరుదు.

రెండు రాష్ట్రాలయ్యాయి కాబట్టి ఈ నటుడు ఎవరివాడు అన్న ప్రశ్న కూడా వస్తుంది. కంకిపాడులో పుట్టి, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి, తెలంగాణ మాటతో నంది గెలిచి, విజయవాడలో ఎమ్మెల్యే అయిన కోట గారిని ఏ ఖాతాలో రాస్తారు? బళ్లారి రాఘవ గారు పనిచేసిన ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. రెండు ప్రభుత్వాలూ కలిసి అన్నీ ఒకే చోట దాచండి. కనీసం ఒకరు తీసింది ఇంకొకరు చూసేలా పెట్టండి.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి. ఆ రోజున తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతున్నారు. రాఘవ గారు పోయింది కూడా ఆ తేదీనే. వచ్చే ఏప్రిల్ 16న సభ పెట్టి, దండలు వేసి, ప్రసంగాలు చేసేటప్పుడు ఒక జాబితా కూడా ప్రకటించండి. ప్రతి జిల్లా నుంచి ముందుగా ఎవరెవరి దగ్గరికి కెమెరా వెళ్తుందో అందులో ఉండాలి. ఆడవాళ్ల పేర్లు సగం ఉండాలి. ఒక్క సినిమాలో కూడా కనిపించని వాళ్లు ఎక్కువమంది ఉండాలి, ఎందుకంటే వాళ్లకు వేరే రికార్డు లేదు. వేషం కట్టినవాళ్లే కాదు, రంగు వేసినవాళ్లు, ప్రాంప్టింగ్ చెప్పినవాళ్లు, సెట్టు కట్టినవాళ్లు, హార్మోనియం వాయించినవాళ్లు కూడా ఉండాలి. పేర్లు, ఊళ్లు, ఎవరికి ఏ పాత్ర ఇంకా నోటికి వచ్చో చెప్పడానికి ప్రతి జిల్లాలో మాలాంటి సమాజాల వాళ్లం ఉన్నాం. పిలిస్తే సొంత ఖర్చుల మీద వస్తాం. జాబితాలో వరస మాత్రం పేరును బట్టి, అవార్డులను బట్టి కాకుండా వయసును బట్టి పెట్టండి. అందరికంటే పెద్దవాళ్ల ఇంటికి మొదట వెళ్లండి.

ఇట్లు,
నాటక సమాజాల్లో తెర ముందూ తెర వెనకా పనిచేసిన ఒక కార్యకర్త